కాలర్ వేసిన జంతువు, కనిపించని నేరం

కడపలో విద్యార్థులు, అటవీ సిబ్బంది, ప్రకృతి పరిశీలకులు పాల్గొన్న సభలో ఒక వన్యప్రాణి పరిశోధకుడు చేసిన ప్రసంగానికి ఇది రాతరూపం. రాలేకపోయిన వారి కోసం రికార్డింగ్ విని రాశాము. తడబాట్లను మాత్రమే తీసివేశాము.

అధ్యక్షులవారికి, వేదిక మీద ఉన్న పెద్దలకు, ఈ ఎండను లెక్కచేయకుండా వచ్చిన విద్యార్థులకు, డ్యూటీ దుస్తుల్లోనే నేరుగా ఇక్కడికి వచ్చిన అటవీ శాఖ సిబ్బందికి నమస్కారం. పరికరాలు అమర్చిన వన్యప్రాణుల ద్వారా పర్యావరణ నేరాలను కనిపెట్టడం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ మాట వినగానే చాలామంది మనసులో ఒక దృశ్యం మెదులుతుంది. పులి మెడలో ఒక పెట్టె ఉంటుంది, దానికి ఎదురుగా వేటగాడు వస్తాడు, వెంటనే ఎక్కడో కంట్రోల్ రూమ్‌లో గంట మోగుతుంది, జీపు బయలుదేరుతుంది. అలా జరగదు. నిజంగా అలా జరగదు. అయితే జరిగేది అంతకంటే తక్కువ ఆశ్చర్యకరమైనదేమీ కాదు, అందుకే దాన్ని కాస్త నిదానంగా మీ ముందు పెట్టాలనుకుంటున్నాను.

ముందుగా పరికరం సంగతి చూద్దాం. జింక మెడకు కట్టే కాలర్‌లో గానీ, పక్షి వీపు మీద తగిలించే ట్యాగ్‌లో గానీ ముఖ్యంగా ఉండేవి మూడు. తాను ఎక్కడ ఉన్నదీ ఉపగ్రహాల సాయంతో లెక్కగట్టే జీపీఎస్ ఒకటి. శరీరం ఎటు ఊగింది, ఎంత జోరుగా కదిలింది, అసలు కదిలిందా లేదా అన్నది సెకనుకు అనేకసార్లు కొలిచే యాక్సిలరోమీటర్ ఇంకొకటి. ఆ సమాచారాన్ని ఉపగ్రహం ద్వారానో, మొబైల్ టవర్ ద్వారానో మనకు చేరవేసే రేడియో మూడవది. వీటిలో ఏ ఒక్కటీ గొడ్డలిని చూడదు, తుపాకీని గుర్తించదు, ఉచ్చు బిగించిన మనిషి మొహాన్ని ఫొటో తీయదు. మరి నేరం ఎలా తెలుస్తుంది?

మీ ఇంటి కుక్కనే తీసుకోండి. అది రాత్రి మొరిగితే వీధిలో వాళ్లందరికీ ఒకటే అరుపు వినిపిస్తుంది. మీకు మాత్రం అది పిల్లిని చూసి మొరిగిందా, పాలవాడిని చూసి మొరిగిందా, ముక్కూ మొహం తెలియని మనిషిని చూసి మొరిగిందా అన్నది మంచం మీద నుంచి లేవకుండానే తెలిసిపోతుంది. ఎందుకు తెలుస్తుంది? దాని మామూలు మొరుగుడు మీరు ఏళ్ల తరబడి విన్నారు కనుక. కాలర్ వేసిన జంతువు విషయంలోనూ జరిగేది అదే. అది రోజూ చేసే పని ఈ రోజు చేయలేదు, రోజూ వెళ్లని చోటికి ఈ రోజు వెళ్లింది, రోజూ కదిలేది ఈ రోజు కదలలేదు. ఆ తేడా మాత్రమే మనకు అందే సమాచారం. తేడా తెలియాలంటే మామూలు తెలియాలి. ఈ మాట నేను మళ్లీ మళ్లీ అంటాను, విసుక్కోకండి, ఎందుకంటే ఈ పద్ధతిలోని బలమూ బలహీనతా రెండూ ఈ ఒక్క మాటలోనే ఉన్నాయి.

ఇప్పుడు సముద్రానికి వెళదాం. కడపలో కూర్చుని సముద్రం కబుర్లు ఎందుకని అడగకండి, ఈ విద్యకు ఇప్పటివరకు దొరికిన చక్కటి ఉదాహరణల్లో ఒకటి అక్కడే ఉంది. హిందూ మహాసముద్రానికి దక్షిణపు కొసన క్రోజే, కెర్గెలెన్, ఆమ్‌స్టర్‌డామ్ అనే ఫ్రెంచ్ ద్వీపాలున్నాయి. అక్కడ గూళ్లు కట్టే ఆల్బట్రాస్ పక్షుల్లో పెద్ద జాతికి రెక్కలు చాస్తే మూడు మీటర్లు దాటుతుంది. ఈ పక్షులు చేపల పడవలను వెతుక్కుంటూ వెళతాయి, ఎందుకంటే అక్కడ పారేసే చేపల ముక్కలు దొరుకుతాయి. అది వాటి మామూలు. ఇక పడవల మామూలు ఏమిటి? పెద్ద ఓడలన్నీ తమ పేరూ, ఉన్న చోటూ ప్రకటించే ఏఐఎస్ అనే యంత్రాన్ని నడుపుతూ ఉంటాయి. దొంగచాటుగా చేపలు పట్టేవాడు ముందుగా చేసే పని ఆ యంత్రాన్ని ఆపేయడం. కానీ రాడార్‌ను మాత్రం ఆపలేడు. ఆపితే చీకట్లో, పొగమంచులో తన ఓడే ఇంకో ఓడకు గుద్దుకుంటుంది. హెన్రీ వైమర్‌స్కిర్ష్ అనే ఫ్రెంచ్ శాస్త్రజ్ఞుడూ, ఆయన సహచరులూ సరిగ్గా ఈ బలహీనతను పట్టుకున్నారు. రాడార్ తరంగాలను పసిగట్టే చిన్న పరికరాన్ని 169 ఆల్బట్రాస్‌లకు అమర్చి, 2018 చివరి నుంచి 2019 మధ్య వరకు వదిలారు. పక్షి దగ్గర రాడార్ తగిలిన ప్రతిసారీ, అదే చోట ఏఐఎస్ ప్రకటన కూడా ఉందా లేదా అని పోల్చి చూశారు. రాడార్ ఉండి ప్రకటన లేని ఓడలు మొత్తం మీద నాలుగో వంతుకు పైగా తేలాయి. ఏ దేశానికీ చెందని అంతర్జాతీయ జలాల్లోనైతే మూడో వంతు దాటాయి. ఈ ఫలితం 2020లో అచ్చయింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ప్రకటన లేని ప్రతి ఓడా దొంగ ఓడేనా? కాదు. యంత్రం పాడైపోయి ఉండవచ్చు, మంచి చేపలున్న చోటు పోటీదారుకు తెలియకూడదని ఆపి ఉండవచ్చు. పక్షి చెప్పింది, ఇక్కడ ఒక ఓడ ఉంది, అది తన పేరు చెప్పడం లేదు, అని మాత్రమే. అది నేరమా కాదా అని తేల్చేది వెళ్లి చూసే గస్తీ నౌక. అయినా అంత పెద్ద సముద్రంలో గస్తీ నౌక ఎటు వెళ్లాలో చెప్పగలగడం చిన్న విషయమా?

ఆల్బట్రాస్ కథలో పక్షి కనిపిస్తూ ఉంటుంది, ఓడ దాక్కుంటుంది. ఇప్పుడు చెప్పబోయే కథలో పక్షే కనిపించకుండా పోతుంది. స్కాట్లాండ్‌లో బంగారు గద్దలున్నాయి. అక్కడ గ్రౌస్ అనే పక్షిని కాల్చే వేట ఒక పెద్ద వ్యాపారం, దానికోసం వేల ఎకరాల కొండ నేలలను ప్రైవేటు యజమానులు పెంచుతారు. గద్ద గ్రౌస్‌ను తింటుంది కనుక కొన్ని ఎస్టేట్లలో గద్దలను చాటుగా చంపుతారని ఎప్పటి నుంచో ఆరోపణ ఉంది. చట్టం ఒప్పుకోదు, కానీ సాక్ష్యం ఏది? కొండ మధ్యలో ఒక గద్దను కాల్చి గోతిలో పూడ్చిపెడితే ఎవరికి తెలుస్తుంది? 2004 నుంచి 2016 వరకు అక్కడ 131 గద్ద పిల్లలకు ఉపగ్రహ ట్యాగులు పెట్టారు. స్కాట్లాండ్ ప్రభుత్వమే కోరి చేయించిన విశ్లేషణ 2017లో వచ్చింది. ఆ 131లో 41 గద్దలు, అంటే దాదాపు మూడో వంతు, అనుమానించదగ్గ పరిస్థితుల్లో మాయమయ్యాయి.

మాయమవడం అంటే ఏమిటో వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే కోర్టులో అయినా, ఇలాంటి సభలో అయినా మొదటి ప్రశ్న ఇదే వస్తుంది. ట్యాగ్ చెడిపోయి ఉండవచ్చు కదా? అవును, ట్యాగులు చెడిపోతాయి. కానీ చెడిపోయే ట్యాగ్ చాలాసార్లు ముందే జబ్బు సూచిస్తుంది. బ్యాటరీ తగ్గుతుంది, సంకేతాలు అప్పుడొకటీ ఇప్పుడొకటీ వస్తాయి, తర్వాత ఆగిపోతుంది. గద్ద తనంతట తాను చచ్చిపోతే ట్యాగ్ అక్కడే పడి ఉండి, నేను ఇక్కడ ఉన్నాను, కదలడం లేదు, అని చెబుతూనే ఉంటుంది, మనుషులు వెళ్లి శవాన్నీ ట్యాగునూ తెచ్చుకుంటారు. ఈ 41 విషయంలో అలా జరగలేదు. నిన్నటి దాకా ఆరోగ్యంగా పనిచేసిన ట్యాగ్ ఒక్కసారిగా ఆగిపోయింది, వెళ్లి వెతికితే పక్షీ లేదు, పరికరమూ లేదు. పైగా ఈ మాయమవడాలు స్కాట్లాండ్ అంతటా సమానంగా లేవు. గ్రౌస్ వేట నేలల్లోని కొన్ని చోట్ల, అంతకుముందే గద్దలను చంపినట్టు రికార్డులున్న చోట్ల గుంపుగా ఉన్నాయి. యంత్రానికి ఎస్టేట్ సరిహద్దులు తెలుస్తాయా? యంత్రం చెడిపోవాలంటే ఎక్కడైనా చెడిపోతుంది కదా? విశ్లేషణకు ప్రాణం ఈ తర్కమే. ఒక్క గద్ద మాయమైతే అది అనుమానం. 41 గద్దలు ఒకే రకమైన నేలల మీద మాయమైతే అది ఒక తీరు.

2020లో స్కాట్లాండ్‌లోని బ్రాన్ నది ఒడ్డున నడుస్తున్న ఒక వ్యక్తికి సీసపు రేకులో చుట్టిన చిన్న వస్తువు దొరికింది. విప్పి చూస్తే అది 2016లో మాయమైన ఒక బంగారు గద్ద ట్యాగ్. పట్టీలను కోసి, సంకేతం బయటికి పోకుండా సీసం చుట్టి, నదిలో పడేశారు. చెడిపోయిన యంత్రం తనకు తాను సీసం చుట్టుకోదు కదా! ఎవరు చేశారన్నది మాత్రం ఆ ట్యాగ్ చెప్పలేకపోయింది. ఒక మనిషిని బోనులో నిలబెట్టడానికి మౌనం చాలలేదు గానీ, ఒక చట్టాన్ని మార్చడానికి పనికివచ్చింది. గ్రౌస్ వేటకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ 2024లో స్కాట్లాండ్ పార్లమెంటు చట్టం చేసింది. ఆ చర్చలో ఈ 41 గద్దల లెక్క పదే పదే వచ్చింది.

ఆఫ్రికా ఏనుగుల సంగతి కొందరు విద్యార్థులు ముందే అడిగారు. కెన్యాలో సేవ్ ది ఎలిఫెంట్స్ సంస్థ చాలా ఏళ్లుగా ఏనుగులకు జీపీఎస్ కాలర్లు వేస్తోంది. కాలర్ చాలాసేపు కదలకుండా ఉంటే కంప్యూటరే హెచ్చరిక పంపే పద్ధతిని వాళ్లు తొలినాళ్లలోనే తయారు చేసుకున్నారు. కానీ నాకు అంతకంటే విలువైనదిగా అనిపించేది ఇంకొకటి. కెన్యాలోని లైకిపియా, సాంబురు ప్రాంతాల్లో 60 ఏనుగుల జాడలను పరిశీలించినప్పుడు, వేట ముప్పు ఎక్కువైన చోట, ఎక్కువైన కాలంలో ఏనుగులు పగటి నడక తగ్గించి రాత్రి నడక పెంచినట్టు తేలింది. ఏనుగు చావకముందే, భయపడుతున్నప్పుడే దాని నడకలో నేరం కనిపిస్తోందన్న మాట. 2016లో మోర్గాన్ అనే మగ ఏనుగు కెన్యా నుంచి సొమాలియా దాకా వెళ్లింది. పగలంతా పొదల్లో దాక్కుని, చీకటి పడ్డాక వడివడిగా నడిచింది. వేటగాళ్లు ఎక్కువగా తిరిగిన నేలను ఎలా దాటాలో దానికి గుర్తుందని పరిశోధకులు భావించారు.

రాబందుల విషయానికి వస్తే, మన పెద్దవాళ్లలో చాలామందికి ఇది పుస్తకం చదవకుండానే తెలుసు. గొడ్డు ఎక్కడ పడిందో తెలియకపోతే ఆకాశంలో రాబందులు ఎక్కడ తిరుగుతున్నాయో చూసేవారు. ఇది అటవీ సిబ్బందికే కాదు, వేటగాడికీ తెలుసు. ఏనుగును చంపి దంతాలు తీసుకునేలోగా రాబందులు గుంపు కడితే పట్టుబడిపోతానని వాడికి తెలుసు. అందుకని ఏం చేస్తాడు? కళేబరానికే విషం కలుపుతాడు. 2019 జూన్‌లో బోట్స్‌వానాలో విషం కలిపిన మూడు ఏనుగుల కళేబరాల దగ్గర 537 రాబందులు చచ్చి పడి ఉన్నాయి. సాక్షులను ముందే చంపేశారన్న మాట! ఇప్పుడు జర్మనీ పరిశోధకులు నమీబియాలో తెల్లవీపు రాబందులకు ట్యాగులు పెట్టి, యాక్సిలరోమీటర్ సమాచారం నుంచి పక్షి ఎగురుతోందా, కూర్చుందా, తింటోందా అన్నది కంప్యూటర్ చేతనే గుర్తింపజేస్తున్నారు. అనేక రాబందులు ఒకే చోట దిగి తింటున్నాయంటే అక్కడ కళేబరం ఉంది. తిన్నవి వరుసగా కదలకుండా పోతున్నాయంటే అక్కడ విషం ఉంది. గంటల్లో చేరుకుంటే కళేబరాన్ని తగలబెట్టి మిగిలిన పక్షులనైనా కాపాడవచ్చు. మన దేశంలో ఈ పని చేద్దామంటే ముందు రాబందులు ఉండాలి కదా. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు వాటిని దాదాపు తుడిచిపెట్టింది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించేనాటికే చాలా ఆలస్యమైంది.

పెరూ రాజధాని లిమాలో చేసిన పని కొంచెం సరదాగా కూడా ఉంటుంది. ఊరు నిండా ఎక్కడపడితే అక్కడ చెత్త పోస్తున్నారు, ఎక్కడ పోస్తున్నారో పురపాలక సంఘాలకు అంతు చిక్కడం లేదు. అక్కడి నల్ల రాబందులు చెత్తను వెతుక్కుంటూ తిరుగుతాయి. 2015 చివరలో ఆ దేశ పర్యావరణ శాఖ, అమెరికా సహాయ సంస్థ కలిసి కొన్ని రాబందులకు జీపీఎస్ పెట్టాయి, కెమెరాలు కూడా పెట్టాయి. దొంగతనంగా చెత్త పోసే చోట్లు పటం మీదికి వచ్చాయి. నా దృష్టిలో అది నేర పరిశోధన కంటే ప్రచారమే ఎక్కువ, కానీ ప్రచారంగా మాత్రం అద్భుతంగా పనిచేసింది. మన ఊళ్ల చివర, వంకల్లో, చెరువు కట్టల వెనుక రాత్రిపూట దిగే కోళ్ల వ్యర్థాలు ఎక్కడ పడుతున్నాయో మనకంటే ముందు గద్దలకు తెలుసు.

మన కొండల్లో సాధ్యమా?

సరే, ఇప్పుడు మీరందరూ ఎదురుచూస్తున్న ప్రశ్నకు వద్దాం. ఎర్రచందనం. ముందు వరుసలో కూర్చున్న సిబ్బంది ముఖాల్లో ఆ ప్రశ్న నాకు మొదటి నుంచీ కనిపిస్తూనే ఉంది. శేషాచలంలో, పాలకొండల్లో, లంకమలలో చెట్టు పడుతుంటే అక్కడి కణితి, దుప్పి మనకు చెప్పగలవా?

దక్షిణాఫ్రికాలో వెల్గెవోండెన్ అనే అభయారణ్యంలో సరిగ్గా ఈ ప్రశ్నే వేసుకున్నారు. ఖడ్గమృగానికి కాలర్ వేస్తే దాని జాడ వేటగాడికి కూడా తెలిసే ప్రమాదం ఉంది, అందుకని దాని చుట్టూ మేసే జీబ్రా, ఇంపాలా వంటి 138 జంతువులకు పరికరాలు పెట్టారు. పరిశోధకులే మనుషులను పంపి వేటగాళ్లు చొరబడినట్టు నడిపించారు, జంతువులు ఎలా పారిపోతాయో కంప్యూటర్‌కు నేర్పించారు. 2021లో అచ్చయిన ఫలితం ప్రకారం, చొరబాటు జరిగిందా లేదా అన్నది 86 శాతం సరిగ్గా చెప్పగలిగారు. చొరబడిన మనిషి ఎక్కడ ఉన్నాడన్నది, సగానికి కొంచెం పైగా సందర్భాల్లో 500 మీటర్ల లోపు తేడాతో చెప్పగలిగారు. వినడానికి చాలా బాగుంది కదా?

బాగుంది. కానీ ఆ అడవి చుట్టూ కంచె ఉంది. లోపల మనిషి నడవడమే అసాధారణం. మన లంకమల 464 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, దాని చుట్టూ ఊళ్లు, అంచుల్లో మేకలు, పండుగలకు కొండ గుడులకు నడిచి వెళ్లే భక్తులు, తేనెకు వెళ్లేవాళ్లు, కట్టెలకు వెళ్లే ఆడవాళ్లు. దుప్పి బెదిరి పరుగెత్తితే దేనికి బెదిరిందని చెప్పగలం? చిరుతను చూసి బెదిరిందా, మేకల కాపరి కుక్కను చూసి బెదిరిందా, దుంగలు మోసుకుపోతున్న కూలీలను చూసి బెదిరిందా? రాత్రి పదిసార్లు తప్పుడు హెచ్చరిక వచ్చి, పదిసార్లూ మన సిబ్బంది కొండెక్కి వట్టి చేతులతో దిగివస్తే, పదకొండోసారి ఎవరు ఎక్కుతారు? నవ్వుతున్నారు, కానీ మీకు తెలుసు నేను అన్నది నిజమేనని. వెల్గెవోండెన్‌లో కొలిచిన శాతాన్ని ఎత్తుకొచ్చి మన అడవి మీద అతికించడానికి వీల్లేదు. అక్కడి మామూలు వేరు, ఇక్కడి మామూలు వేరు. ఇక్కడి మామూలును మనం ఇంకా కొలవలేదు. వేసవిలో నీటిగుంటలు ఎండినప్పుడు కణితి రాత్రికి ఎంత దూరం నడుస్తుంది? పౌర్ణమి నాడు, అమావాస్య నాడు తేడా ఏమిటి? ఇవి తెలియకుండా, అది ఈ రాత్రి అసాధారణంగా నడిచిందని ఎలా అంటాం?

అందుకని నా అభిప్రాయం, ఇది నా ఒక్కడి అభిప్రాయం, ఎర్రచందనం దగ్గర మొదలుపెట్టకూడదు. సులభంగా తేలే చోట మొదలుపెట్టాలి. అనంతపురం మెట్ట పొలాల్లో, గడ్డి నేలల్లో తోడేలు ఉంది. గొర్రెల మందల్లో పడుతుంది కనుక కాపరికి కోపం. కళేబరంలో విషం పెడతారు, ఒక్కోసారి బిలానికి పొగ పెడతారు. తోడేలుకు కాలర్ ఉంటే దాని సంకేతం చాలా సూటిగా ఉంటుంది. రాత్రంతా తిరగవలసిన జంతువు కదలడం లేదు, అంటే వెళ్లి చూడాలి. ఆ చూడటంలో విషం ఆనవాలు దొరికితే కేసు, దొరక్కపోతే జబ్బు. అడవి పందుల కోసం పొలాల చుట్టూ కట్టే కరెంటు తీగలకూ, తీగ ఉచ్చులకూ ఇదే వర్తిస్తుంది. ఇక్కడ హెచ్చరిక తప్పు కావడం అరుదు, వెళ్లవలసిన చోటు ఒక్క బిందువు. పైగా అదే కాలర్, తోడేలు మంద వైపు వస్తోందని కాపరికి ముందే చెప్పడానికి పనికివస్తుంది. నేరస్థుడిని పట్టడానికి మాత్రమే పెట్టిన పరికరం ఊరివాళ్లకు శత్రువు అవుతుంది. గొర్రెను కాపాడటానికి కూడా పనికివస్తే అది వాళ్లది అవుతుంది.

ఈ మాటకు నాగాలాండ్ మంచి ఆధారం. 2012లో దోయాంగ్ జలాశయం దగ్గర అమూర్ డేగలను వలలు పన్ని వేల సంఖ్యలో పట్టి చంపారు, దేశమంతా గగ్గోలు పుట్టింది. అక్కడి గ్రామ సభలు, చర్చిలు పూనుకుని మరుసటి ఏడాదికే వేటను ఆపించాయి. 2013లో మూడు డేగలకు ఉపగ్రహ ట్యాగులు పెట్టి వాటికి నాగా, వోఖా, పాంగ్తి అని పేర్లు పెట్టారు. పాంగ్తి అంటే అక్కడి ఊరి పేరే. నిన్నటి దాకా వలలు పన్నినవాళ్లు, తమ ఊరి పేరున్న పక్షి అరేబియా సముద్రం దాటిందా, ఆఫ్రికా చేరిందా అని అడగడం మొదలుపెట్టారు. మన దగ్గర వీరాపురానికి ఏటా వచ్చే ఎర్రమూతి కొంగలను ఆ ఊరివాళ్లు ఎవరూ చెప్పకుండానే కాపాడుకుంటున్నారు. అవి ఎప్పుడు వస్తాయో, ఏ ఏడాది తగ్గాయో ఊళ్లో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. ఇందాకటి నుంచి నేను మామూలు, మామూలు అంటున్నది దీన్నే. నల్లమలలో పులుల అభయారణ్యం బేస్ క్యాంపుల్లో పనిచేసే చెంచు కాపలాదారులకు అడవి మామూలు ఎంత తెలుసో, ఏ కాలర్‌కూ అంత తెలియదు. కోతి ఏ అరుపు అరిస్తే పులి, ఏ అరుపు అరిస్తే చిరుత అన్నది వాళ్లు చెబుతుంటే విన్నాను. వాళ్ల రోజువారీ పరిశీలన రిజిస్టర్లలో ఉండిపోతోంది. దాన్ని తేదీల వారీగా, చోట్ల వారీగా కూర్చితే, కాలర్ కొనకముందే మనకు సగం పని అయినట్టే.

ముప్పు ఎటు నుంచి?

ఇక ప్రమాదాల సంగతి, దీన్ని దాటవేయకూడదు. జంతువు ఎక్కడ ఉందో మనకు చెప్పే సంకేతం ఇంకెవరికైనా చెబితే? 2013లో మన దేశంలోనే జరిగింది. మధ్యప్రదేశ్‌లోని పన్నాలో ఒక పులి కాలర్ సమాచారం చేరే ఈమెయిల్ ఖాతాలోకి గుర్తు తెలియనివారు చొరబడాలని చూశారు. సర్వర్ అడ్డుకుంది. చొరబడినా సమాచారం సంకేత రూపంలో ఉంది కనుక చదవలేకపోయేవారని చెప్పారు. అదృష్టం అనుకోవద్దు, ముందుజాగ్రత్త అనుకోండి. కాబట్టి విద్యార్థులకు ఒక మాట. కాలర్ పటాన్ని ఫోన్‌లో ఫొటో తీసి స్నేహితులకు పంపడం, ఈరోజు పులి ఇక్కడ ఉందని స్టేటస్ పెట్టడం దయచేసి చేయకండి. సమాచారం బయటికి ఇవ్వాలంటే పాతబడ్డాక ఇవ్వాలి, చోటును కొంత మసకబార్చి ఇవ్వాలి.

జంతువు మీద భారం కూడా చూడాలి. పక్షికి పెట్టే పరికరం దాని బరువులో 3 శాతం దాటకూడదన్నది సాధారణంగా పాటించే హద్దు. 2023 వర్షాకాలంలో మధ్యప్రదేశ్‌లోని కూనో జాతీయ పార్కులో చనిపోయిన చీతాల మెడ దగ్గర పుండ్లు, పురుగులు కనిపించాక, మిగిలిన చీతాల కాలర్లు తీసి పరీక్షించవలసి వచ్చింది. పైగా జంతువును పట్టుకోవడమే మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నిర్వచనంలోకి వస్తుంది. పరిశోధన కోసమైనా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి, మొదటి షెడ్యూలులోని జంతువైతే కేంద్రం అనుమతి కూడా కావాలి. ఉత్సాహం ఉంది కదా అని ఎవరూ సొంతంగా నక్కకు పట్టీ కట్టకండి.

కోర్టు సంగతి అడవిలో పనిచేసేవారికి అన్నిటికంటే ముఖ్యం. కాలర్ పంపిన సమాచారం ఎలక్ట్రానిక్ సాక్ష్యం. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ దానికి ధ్రువపత్రం అడుగుతుంది. ఫైలు మారలేదని చూపే హాష్ విలువ కూడా ఆ పత్రంలో రాయాలి. కంప్యూటర్ తెరను ఫొటో తీసి కేసు డైరీకి అంటిస్తే నిలబడదు. స్కాట్లాండ్ ట్యాగ్ విషయంలో చూశాం కదా, జాడ ఒక చోటును చూపగలదు, మనిషిని చూపలేదు. మనిషిని చూపేది ఉచ్చు తీగ, విషం సీసా, కాలి గుర్తు, సెల్ టవర్ రికార్డు, పోస్టుమార్టం నివేదిక. వాటి దగ్గరికి వేళకు చేర్చగలిగితే కాలర్ పని అయిపోయినట్టే.

వేళకు చేరిన తర్వాత ఏం చేస్తామన్నది కూడా అడగాలి. 2015 ఏప్రిల్‌లో శేషాచలంలో కాల్పుల్లో 20 మంది కూలీలు చనిపోయిన సంగతి ఈ సభలో ఎవరూ మరిచిపోలేదు. చెట్టు నరికే చేయి చాలాసార్లు పక్క రాష్ట్రం నుంచి రోజు కూలీకి వచ్చిన చేయి, లాభం పోయేది ఇంకెక్కడికో. హెచ్చరిక ఎంత త్వరగా వస్తే అంత త్వరగా తుపాకీ చేరుతుందన్నట్టయితే, ఆ వేగాన్ని నేను మెచ్చుకోలేను. దారులు ఏవి, దుంగలు ఎక్కడ దాస్తున్నారు, వాహనం ఎక్కడ ఎక్కుతోంది అన్నవి నెలల తరబడి పోగైన జాడల నుంచి తెలుసుకుని, రోడ్డు మీద, గోదాములో పట్టుకోవడానికి ఇది ఉపయోగపడాలి. ఆ రాత్రికి ఆ రాత్రి పరుగెత్తడానికి కాదు. అలాగే కాలర్ జాడల పక్కనే మనుషుల జాడలు కూడా మన పటంలోకి వచ్చేస్తాయి. తేనెకు వెళ్లిన చెంచు కుటుంబం నడిచిన దారిని నేరస్థుడి దారిగా చదివే అధికారి రేపు రాడని ఎవరు చెప్పగలరు? ఎవరు చూడవచ్చు, ఎంతకాలం దాచవచ్చు అన్న నియమాలను కాలర్ కొనకముందే రాసుకోవాలి.

చివరగా పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు ఒక పని చెబుతాను. మీ పొలంలోనో, చెరువు దగ్గరో కాలుకు ఉంగరం ఉన్న పక్షి గానీ, మెడలో పట్టీ ఉన్న జంతువు గానీ కనిపిస్తే, అది బతికి ఉంటే దగ్గరికి వెళ్లకండి, దూరం నుంచే ఫొటో తీయండి. చచ్చి ఉంటే ముట్టుకోకండి, విషం తిన్నదైతే మీకూ ప్రమాదం, మీ కుక్కకూ ప్రమాదం. పరికరాన్ని విప్పకండి, ఇంటికి తేకండి. అది అక్కడే ఉండటం కూడా సాక్ష్యమే. చోటు, తేదీ, సమయం రాసుకుని, చుట్టూ ఏవైనా ఇతర పక్షులో, కుక్కలో చచ్చి పడి ఉన్నాయేమో చూసి, దగ్గరలోని ఫారెస్ట్ బీట్ ఆఫీసరుకు చెప్పండి. ఉంగరం మీద అంకెలు దూరం నుంచి చదవగలిగితే అవి కూడా రాసుకోండి. ఇక ప్రశ్నలు తీసుకుందాం. వెనుక వరుసలో చాలాసేపటి నుంచి చేయి ఎత్తిన అమ్మాయి ఉంది, ముందు ఆమెకు మైకు ఇవ్వండి.